ఫ్లాస్కు కింద మిషను

పశువుల ఆసుపత్రి పెద్ద డాక్టరుకి తన కుడిచేతి మీద ఉన్నంత నమ్మకం ఇంకెవరి మీదా లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యే ఆయనకి కన్ను, చెవి, పుస్తకం. కడుపుతో ఉన్న కుక్కని బల్ల మీద నిలబెట్టి, తాను కళ్ళు మూసుకుని, పొట్ట కింద వేళ్ళు పోనిచ్చి, "నాలుగు" అనేవాడు. నాలుగే పుట్టేవి. ఎప్పుడైనా మూడే పుడితే నాలుగోది లోపలే కరిగిపోయిందనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి.

అయిదేళ్ళ కిందట ఆసుపత్రికి స్కానింగు మిషను వచ్చింది. వచ్చిన రోజున రెండు మీటలు నొక్కి చూశాడు. తెర మీద బూడిదరంగు ముసురు తప్ప ఆయనకేమీ కనపడలేదు. "ముసురు చూడాలంటే కిటికీ ఉందిగా!" అని, మిషను మీద గుడ్డ కప్పేశాడు. గుడ్డ మీదికి మొదట ఒక రిజిస్టరు చేరింది, తర్వాత నాలుగు చేరాయి, వాటి మీద ఆయన టీ ఫ్లాస్కు చేరింది. బల్ల ఎత్తు కూడా ఫ్లాస్కుకి సరిగ్గా సరిపోయింది.

నాలుగేళ్ళపాటు అంతే. ఆ తర్వాత స్కానమ్మ వచ్చింది.

ఆవిడకీ అసలు పేరుంది. కానీ వచ్చిన వారానికే ఆసుపత్రి అంతా స్కానమ్మ అనేశారు, ఆవిడా పలికేసింది. సన్నటి మనిషి, నలభై దాటింది, తల మీదికి తోసుకున్న కళ్ళజోడు కోసం రోజుకి పదిసార్లు బల్లంతా వెతుక్కుంటుంది. కానీ ఆ కళ్ళజోడు ముక్కు మీదికి దిగిందా, ఇక ఆవిడ చూపు నుంచి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. మొదటిరోజు చేసిన మొదటి పని, ఫ్లాస్కు తీసి పెద్ద డాక్టరు చేతిలో పెట్టడం.

"ఇది మీదాండీ సార్? వెచ్చగానే ఉంది."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. అననందుకు ఆయనకి ఇంకా కోపం వచ్చింది.

ఆవిడ పనితీరు మొదట్లో ఆయనకి చాదస్తంలా కనపడింది. గదిలో దీపాలు ఆర్పేస్తుంది. కుక్క పొట్ట మీద చల్లటి జెల్లు రాసి, మిషనుకి తీగతో వేలాడే చేతిముక్కని దాని మీద అంగుళం అంగుళం జరుపుతుంది. కుక్కలకీ పిల్లులకీ గర్భసంచి ప్యాంటు కాళ్ళలా రెండుగా చీలి ఉంటుంది. ఒక్కో కాలులో పిల్లలు వరసగా ఉంటాయి. ఆవిడ ఒక్కో పిల్లనీ తల నుంచి తోక దాకా చూస్తుంది. ముందు పుర్రె, తర్వాత గుండె, ఆ తర్వాత పొట్టగోడ, వెన్ను. చూసినదాన్ని కాగితం మీద రెండు వరసల్లో సున్నాలుగా వేసి, ఒక్కో సున్నాలో దాని గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రాస్తుంది. కనపడని చోట ఖాళీగా వదిలి, 'చూడలేదు' అని రాస్తుంది. తెలియనిదాన్ని తెలియదని కాగితం మీద రాసి సంతకం పెట్టే డాక్టరుని పెద్ద డాక్టరు అంతవరకూ చూడలేదు. తనతో కలిపి.

ఆయన మనసు మారింది ఒక బడిపంతులు గారి పిల్లి వల్ల. దాని కడుపులో ఒక కూనకి పొట్టగోడ మూసుకోలేదని, పేగులు బయటే తేలుతున్నాయని స్కానమ్మ వారం ముందే చెప్పింది. అది పుట్టే వేళకి తడి గుడ్డ, సూది, దారం సిద్ధంగా పెట్టించింది. పుట్టిన పది నిమిషాల్లో పెద్ద డాక్టరు ఆ పేగుల్ని లోపలికి సర్ది కుట్టేశాడు. కూన బొటనవేలంత ఉంది. అది బతుకుతుందని ఆయన ఏమాత్రం అనుకోలేదు. ఇప్పుడది పంతులు గారింట్లో కిటికీ తెరలన్నీ చింపి పోగులు పెడుతోంది. ఆ రోజు నుంచి ఆయన టీ గ్లాసు పట్టుకుని స్కాను గది గుమ్మంలో నిలబడడం మొదలుపెట్టాడు. అడిగితే, ఇక్కడ చల్లగా ఉందనేవాడు.

ఇక ఆయన అక్క సంగతి.

అక్క ఇల్లు నాలుగు వీధుల అవతల. తమ్ముడితో అన్నీ మాట్లాడుతుంది. మోకాళ్ళ నొప్పి, నీళ్ళ కుళాయి, బావ గురక, ఏదీ దాచదు. ఒక్క కుక్కల మాట మాత్రం ఎత్తదు. ఎవరికైనా పరిచయం చెయ్యాల్సి వస్తే, "మా తమ్ముడు. ఉద్యోగం చేస్తున్నాడు" అంటుంది. ఏం ఉద్యోగమో చెప్పదు. నాలుగేళ్ళుగా అంతే.

నాలుగేళ్ళ కిందట ఆవిడకి దొరసాని అనే కుక్క ఉండేది. పుట్టుకతోనే మూతి లోపలికి నొక్కుకుపోయి ఉండే పొట్టి జాతి. ఆవిడ మనిషితో మాట్లాడినట్టు దానితో మాట్లాడేది. అది కడుపుతో ఉన్నప్పుడు పెద్ద డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "అంతా బావుంది అక్కా, నిశ్చింతగా ఉండు" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం మొదటి పిల్లే అడ్డం పడింది. ఒళ్ళంతా నీరు పట్టి, ఉండాల్సినదానికి రెండింతలు ఉబ్బిన పిల్ల. ఆయన కోసి తీసేసరికి దొరసాని ఒంట్లో ఓపిక అయిపోయింది. తల్లి పోయింది. మూడు పిల్లల్లో ఒక్కటే దక్కింది.

"ముందుగా తెలిసే దారి లేదు అక్కా. దాని రాత అంతే" అన్నాడు ఆ రోజు.

అక్క దక్కిన పిల్లని పాలచుక్కలతో పెంచి, దాని ముడుచుకున్న మూతి చూసి అలక అని పేరు పెట్టింది. దానికి టీకాలు వేయించడానికి కూడా రెండు బస్సులు మారి వేరే ఊరి డాక్టరు దగ్గరికి వెళ్ళేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. అక్క లెక్కలో ఆ పెరటి చెట్టుకి విషం కూడా ఉంది.

ఇలా ఉండగా ఒకరోజు బావ గేటు వెయ్యడం మరిచిపోయాడు. పక్కింటి కుక్క మరిచిపోలేదు. అలకకి కడుపొచ్చింది. పై ఊరి డాక్టరు, "ఈ జాతికి స్కానింగు తప్పనిసరమ్మా. దానికి మీ ఊళ్ళో ఉన్నంత మంచి చెయ్యి ఎక్కడా లేదు, అక్కడికే పొండి" అన్నాడు. అలా, నాలుగేళ్ళ తర్వాత అక్క తమ్ముడి ఆసుపత్రి మెట్లెక్కింది. ఎదురొచ్చిన తమ్ముడిని చూసి, "నీ దగ్గరికి కాదు. ఆవిడ దగ్గరికి" అంది.

పెద్ద డాక్టరు పక్కకి తప్పుకున్నాడు. తప్పుకుని, టీ గ్లాసు తెచ్చుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

స్కానమ్మ అరగంట చూసింది. నాలుగు పిల్లలు, కుడి వరసలో రెండు, ఎడమ వరసలో రెండు. నాలుగింటి గుండెలూ నిమిషానికి రెండొందల ఇరవై దాటి టకటకా కొట్టుకుంటున్నాయి. ఎడమవైపు పైన మాత్రం, పక్కటెముకల అంచు దగ్గర, తెరంతా తెల్లటి మబ్బు.

"ఖాళీ కడుపుతో తెమ్మని ఫోనులో చెప్పాను కదమ్మా?"

"ఏమీ పెట్టలేదండీ."

స్కానమ్మ తెర వైపు చూసింది. "ఏదో తిన్నది."

"ఒక గుడ్డు. అంతే."

"ఒక గుడ్డుకి ఇంత మబ్బు పట్టదమ్మా."

"రెండు" అంది అక్క. తర్వాత, "పాలు కూడా. అయినా కడుపుతో ఉన్నదాన్ని ఎవరైనా పస్తు పెడతారా!" అని ఎదురు కోప్పడింది.

స్కానమ్మ నవ్వి, కాగితం మీద నాలుగు సున్నాలు వేసి, ఎడమవైపు పైన 'చూడలేదు' అని రాసింది. నాలుగూ బావున్నాయన్న మాట వినగానే అక్క మొహం విప్పారింది. తాడు చేతికి చుట్టుకుని లేచింది.

గుమ్మంలో ఉన్న పెద్ద డాక్టరు నోరు ఊరుకోలేదు. "ఒక్కసారి చెయ్యి పెట్టి చూస్తాను."

అక్క కుక్కని దగ్గరికి లాక్కుంది. "వద్దు."

"చూడనివ్వండమ్మా. చెయ్యి పెడితే పోయేదేముంది?" అంది స్కానమ్మ.

అక్క కాదనలేదు, అవుననలేదు. పెద్ద డాక్టరు అలక ముందుకాళ్ళు రెండూ పట్టి, మనిషిని నిలబెట్టినట్టు పైకి లేపాడు. అలా లేపితే పక్కటెముకల చాటున దాక్కున్నదంతా కిందికి జారి అరచేతిలోకి వస్తుంది. ఆయన గురువు నేర్పిన పాత పద్ధతి. కళ్ళు మూసుకున్నాడు. ఎడమవైపు వేళ్ళకి ఏదో తగిలింది. పెద్దది. మెత్తటిది. ఆ మెత్తదనం ఆయన వేళ్ళకి తెలుసు. నాలుగేళ్ళ కిందట దొరసాని పొట్టలోనూ తగిలింది. కుక్క కడుపునిండా తిన్నది కాబోలనుకుని అప్పుడు చెయ్యి తీసేశాడు.

"ఐదు" అన్నాడు. "ఐదోది ఉంది. అది... నాకు బావున్నట్టు లేదు."

అరగంట చూసి నాలుగన్న మనిషికి, అర నిమిషం తడిమి ఐదంటే మండాలి. స్కానమ్మకి మండలేదు. కళ్ళజోడు సర్దుకుని, "నా మిషనుకి అందలేదు సార్. రేపు పొద్దున్నే చూద్దాం. మీరు ఇలాగే లేపి పట్టుకోండి, నేను చూస్తాను. అమ్మా, ఈసారి గుడ్డు వద్దు" అంది. ఆయన ఇంత చదువున్నవాళ్ళని చాలామందినే చూశాడు. చదువుతో పాటు ఇంత వినయం ఉన్న మనిషి మాత్రం ఈవిడేనని ఆయనకి ఆ క్షణం గట్టిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్న అలక ఆకలితో మూతి ఇంకా ముడుచుకుని వచ్చింది. పెద్ద డాక్టరు దాన్ని లేపి పట్టుకున్నాడు. స్కానమ్మ పక్కటెముకల కింది సందులోంచి మిషను చేతిముక్కని పైకి పోనిచ్చింది. తెర మీద మబ్బు విడిపోయి ఐదోది కనపడింది.

ఇన్ని నెలలుగా గుమ్మంలో నిలబడి చూస్తుండబట్టి, ఆ ముసురులో ఏది ఏమిటో పెద్ద డాక్టరుకీ కాస్త తెలుస్తోంది. నీరు నల్లగా కనపడుతుంది. ఐదోదాని చుట్టూ, చర్మానికీ ఒంటికీ మధ్య, నల్లటి పట్టీ. పసివాడికి తండ్రి చొక్కా తొడిగినట్టు చర్మం వదులుగా తేలుతోంది. రొమ్ములో కూడా నలుపే. ఆ నలుపు మధ్యలో చిన్న గుండె, మిగతావాటి గుండెల్లో సగం వేగంతో, ఆగి ఆగి కొట్టుకుంటోంది.

స్కానమ్మ మూడుసార్లు కొలిచి, కాగితం మీద ఐదో సున్నా వేసింది. తర్వాత దీపం వేసి, అక్క పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఐదోదానికి ఒళ్ళంతా నీరు పట్టిందమ్మా. అది బతకదు. ఆశ పెట్టి మీకు అబద్ధం చెప్పలేను. నాలుగూ బావున్నాయి, తల్లీ బావుంది. కానీ నొప్పులు మొదలైతే ఇది దారిలో అడ్డం పడుతుంది. అప్పుడు అన్నీ పోతాయి. నొప్పులు రాకముందే, మిగతా నాలుగూ పండిన రోజు చూసుకుని ఆపరేషను చెయ్యాలి. ఆ రోజు ఏదో నేను చెప్తాను."

అక్క కాగితం మీది ఐదో సున్నా వైపే చూసింది. "దొరసానికి అడ్డం పడింది కూడా ఇదేనా?"

"అదే అక్కా" అన్నాడు తమ్ముడు.

"అప్పుడు ఇలా చూసుంటే తెలిసేదా?"

"తెలిసేది."

"మరి అప్పుడీ మిషను లేదా?"

స్కానమ్మ జెల్లు తుడుచుకుంటూ తల ఎత్తలేదు. మిషను పక్కన అతికించిన రేకు మీద అది వచ్చిన సంవత్సరం ఉంటుంది. ఆవిడ దాన్ని రోజూ తుడుస్తుంది. ఆవిడ నోరు విప్పదని పెద్ద డాక్టరుకి తెలుసు. లేదు అక్కా అని రెండు మాటలంటే చాలు, గండం గడిచిపోతుంది. అక్క ఆ రేకు చదవబోదు. చూడనిచోట చూడలేదని రాసే మనిషి పక్కన నిలబడి ఆ రెండు మాటలూ అనడానికి ఆయనకి నోరు రాలేదు.

"ఉంది" అన్నాడు. "ఈ గదిలోనే ఉంది. దాని మీద నా ఫ్లాస్కు ఉండేది."

అక్క లేచింది. అలకని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పది రోజులు పెద్ద డాక్టరు అన్నం సరిగ్గా తినలేదు. బావ ఫోను చేశాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. "ఏమోయ్ బావమరిదీ, ఏం చెప్పావో గానీ మీ అక్క నాతో కూడా మాట్లాడ్డం లేదు. గేటు వేశానా లేదా అని మాత్రం గంటకోసారి అడుగుతోంది. పై ఊరి డాక్టరుకి ఫోను చేసి కోస్తారా అని అడిగింది. ప్రయాణంలో నొప్పులు వస్తే ఎవరు పూచీ అన్నాడట ఆయన." ఆ పై వారం నుంచి అక్క రోజు విడిచి రోజు స్కానుకి వచ్చేది. ఖాళీ కడుపుతోనే తెచ్చేది. తమ్ముడు ఎదురైతే గోడ మీది క్యాలెండరు చూసేది. ఆయన కుక్కని లేపి పట్టుకోవాల్సిన నిమిషాల్లో మాత్రం, ఆ చేతుల వైపు కన్నార్పకుండా చూసేది.

స్కానమ్మ ఏం చూస్తోందో పెద్ద డాక్టరుకి అప్పుడే తెలిసింది. నెలలు నిండని పిల్లకి పేగులు కదలవు. లోపల పేగు పాకడం మొదలైతే, బయటి ప్రపంచానికి సిద్ధమైనట్టు. ఆవిడ నాలుగు పిల్లల్లోనూ, ధాన్యపు గింజంత పొట్టల్లో, ఆ పాకుడు కోసం వెతికేది. మొదటిరోజు ఒక్కదానిలో కనపడింది. ఆ తర్వాత మూడింట్లో. ఒక ఉదయం ఆవిడ చేతిముక్క పక్కన పెట్టి, "నాలుగూ పండాయి. ఇవాళే" అంది.

అక్క అడిగింది. "కోసేది ఎవరు?"

"ఇక్కడ కోసేది సారేనమ్మా. నేను చూడగలను గానీ, ఆయనలా కొయ్యలేను."

గుమ్మంలో పెద్ద డాక్టరు అక్క మొహం వైపు చూశాడు. ఆవిడ వద్దంటే అలక చావు కబురు వినాల్సిందే. నాలుగు వీధుల అవతల నుంచి.

స్కానమ్మ కాగితం తీసి అక్క ఒళ్ళో పెట్టింది. "మొదటిరోజు నేను నాలుగే రాశానమ్మా. ఇదిగో, 'చూడలేదు' అని కూడా రాశాను. చూడనిచోట ఏదో ఉందని చెప్పింది నా మిషను కాదు. ఆయన చెయ్యి. ఆయన ఆ రోజు అడక్కపోయి ఉంటే మీరు నాలుగే అనుకుని ఇంటికి వెళ్ళిపోయేవారు."

అక్క కాగితం మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

"ఒరే" అంది. కుక్కల విషయంలో నాలుగేళ్ళ తర్వాత ఆ పిలుపు. "ఆ రోజు ఉందని ఎందుకు చెప్పావురా? లేదంటే నాకేం తెలిసేది?"

"ఇన్నాళ్ళూ రాత అన్నాను కదక్కా. రాత కాదు, నేనే. అది నీకు తెలియకుండా మళ్ళీ దీని మీద చెయ్యి వెయ్యలేను."

అక్క కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. అలక తాడు చేతి నుంచి విప్పి తమ్ముడి చేతిలో పెట్టింది.

"చూసి కొయ్యి" అంది.

ఆపరేషను గదిలో స్కానమ్మ కాగితాన్ని ఆయన కళ్ళకెదురుగా గోడకి అతికించింది. ఆయన అంతకు ముందు వందల పొట్టలు కోశాడు. లోపల ఏముందో ముందే తెలిసి కొయ్యడం ఎంత నిబ్బరంగా ఉంటుందో ఆయనకి ఇప్పుడు తెలిసింది. కుడి వరసలో రెండు అన్న చోట రెండు, ఎడమ వరసలో రెండు అన్న చోట రెండు, వేలెడు తేడా లేకుండా ఉన్నాయి. ఒక్కోదాన్నీ స్కానమ్మ అరచేతిలో పెడుతుంటే ఆవిడ తుడిచి, రుద్ది, ఏడిపించింది. నాలుగూ ఏడ్చాయి. చివరికి ఎడమవైపు పైనున్నదాన్ని రెండు చేతులా తీశాడు. అది ఊపిరి తీసుకోలేదు. అలకకి మళ్ళీ ఈ గండం రాకుండా గర్భసంచి కూడా తీసేసి, కుట్లు వేశాడు. అలక ఊపిరి సమంగా ఆడుతోంది.

అక్క ఐదోదాన్ని చూస్తానంది. గుడ్డలో చుట్టినదాన్ని విప్పి, ఉబ్బిన ఆ మొహాన్ని ఒక్కసారి వేలితో తాకి, "పాపం, నీ తప్పూ లేదులే" అంది. మళ్ళీ గుడ్డ కప్పింది.

మధ్యాహ్నానికి అలక కళ్ళు తెరిచి, తన పక్కన మూలుగుతున్న నాలుగింటినీ చూసి, ఎప్పటిలాగే మూతి ముడుచుకుంది. నాలుగూ మూతులు ముడుచుకునే ఉన్నాయి. అక్క నవ్వేసింది.

పెద్ద డాక్టరు చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చేసరికి, అక్క బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఒకావిడ బుట్టలో కడుపుతో ఉన్న పిల్లిని పెట్టుకుని, భయం భయంగా లోపలికి తొంగి చూస్తోంది. ఆయన్ని చూసి అక్కని అడిగింది.

"ఈయనెవరండీ?"

పెద్ద డాక్టరు నిలబడిపోయాడు. ఆ ప్రశ్నకి జవాబు ఆయనకి నాలుగేళ్ళుగా కంఠతా వచ్చు.

"మా తమ్ముడు" అంది అక్క. కాస్త ఆగింది. "డాక్టరు. మా కుక్కకి పొద్దున ఆపరేషను చేశాడు. నాలుగు పిల్లలు, తల్లి క్షేమం."

పిల్లి ఆవిడ బుట్ట పట్టుకుని ఆయన వైపు లేవబోయింది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, స్కాను గది చూపించింది.

"ముందు అక్కడికమ్మా. ఖాళీ కడుపుతోనే తెచ్చారు కదా?"